గొట్టం దిగింది గుర్తులేదు

మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ మూడు వారాలు మింగాను, సగం రోజులు పరగడుపునే. ఓ ఉదయం విరేచనం తారులా నల్లగా అయింది, లోపల రక్తం కారుతోందన్నమాట. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ 8. డాక్టరుగారు ఎండోస్కోపీ రాశారు, నోట్లోంచి గొట్టం దింపి కడుపు లోపల చూడటం.

ముందు గొంతులో లిగ్నోకైన్ స్ప్రే కొట్టారు. ఒకటే చేదు, ఉమ్మి మింగుతున్నానో లేదో కూడా తెలియనంత మొద్దు. ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి, నరానికి మిడజోలం అనే మత్తుమందు ఇచ్చారు. ఆ తర్వాత నాకు గుర్తున్నది బయట బల్ల మీద కూర్చోవడమే.

"భలే మందు, ఏమీ తెలియలేదు" అన్నాను.

"మీ వాంతుల చప్పుడు తలుపు ఇవతలికి వినపడిందండీ. ఇద్దరు పట్టుకున్నారట. అయినా ఈ మాట అనడం ఇది మూడోసారి" అంది మా ఆవిడ.

మిడజోలం గుణమే అంతట. మనిషి సగం మెలకువలోనే ఉంటాడు, చెప్పినట్టు వింటాడు, జరిగింది మాత్రం మనసులో నిలవదు. మరి నేను బాధ పడనట్టా, పడి మరిచిపోయినట్టా? ఇప్పటికీ తేలలేదు.

జీర్ణకోశంలో పుండు, దానికి తోడు హెచ్. పైలోరీ అనే బాక్టీరియా. పధ్నాలుగు రోజుల యాంటీబయాటిక్స్‌తో నోరంతా చేదు, పెరుగన్నం కూడా సయించలేదు. అక్కడి పుండు ఒక్కోసారి క్యాన్సర్ కావచ్చు కాబట్టి మానిందో లేదో మళ్లీ చూడాలన్నారు. ఎనిమిది వారాలకు రెండోసారి వెళ్లాను.

ఈసారి ప్రోపోఫోల్. సోయా నూనె, గుడ్డుసొన కొవ్వు కలిపిన మందు, అచ్చం పాలే. ముంజేయి పొడుగునా మంట పాకింది. "రాత్రి ఏం తిన్నారు?" అని మత్తు డాక్టరు అడిగారు. ఇడ్లీ అనబోయాను, 'ఇ' దగ్గరే ఆగినట్టున్నాను. లేచేసరికి తల తేటగా ఉంది. అయినా ఆ రోజు బండి తాళాలు మా ఆవిడ దగ్గరే.

బిల్లులో మత్తు డాక్టరు ఫీజు వేరే పడింది. దానికి నేను గొణగలేదు. మిడజోలం ఎక్కువైతే ఫ్లూమజెనిల్ అనే విరుగుడు ఉంది, ప్రోపోఫోల్‌కు అలాంటిది లేదు. ఊపిరి మందగిస్తే పక్కనున్న మనిషే ఆదుకోవాలి. నాకు మళ్లీ అవసరమైతే ప్రోపోఫోలే అడుగుతాను. ఊపిరితిత్తులు బాగాలేని మా అమ్మకైతే వట్టి స్ప్రేతో కానివ్వమంటానేమో.

పుండు మానింది. ఈసారి లోపల్నుంచి చప్పుడే లేదట. మొదటిసారి కంటే అప్పుడే ఎక్కువ భయమేసిందట మా ఆవిడకు.