తెరిచి ఉంచిన జేబు

చనిపోయిన ఒక ట్రాన్స్ పురుషుడి జ్ఞాపకంగా కుట్టే గుడ్డ పలక కోసం నేను గీసుకుని వెళ్లిన నమూనాను ఆయన స్నేహితులు మొదటి రోజే పక్కన పెట్టేశారు. రెండు చేతులు, వాటి మధ్య నుంచి ఎగిరిపోతున్న ఒక పక్షి. "పక్షి ఎందుకమ్మా? మేడ ఎక్కాలంటేనే వాడికి కళ్లు తిరిగేవి" అన్నారు ఒక అక్క. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. అక్కడ కూర్చున్న తొమ్మిది మందీ ఆయనతో కలిసి బతికినవాళ్లు. ట్రాన్స్ మహిళలు, ట్రాన్స్ పురుషులు, ఇల్లు విడిచి వచ్చేసిన ఇద్దరు అమ్మాయిలు. కుటుంబం ఆయన్ని పాత పేరుతోనే, కూతురిగానే సాగనంపింది. ఆయన తనకు తాను పెట్టుకున్న పేరును గుడ్డ మీద కుట్టాలని వాళ్ల పట్టుదల. కుట్టుపని వచ్చని నన్ను పిలిచారు.

కొలత మాత్రం నేనే చెప్పాను. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. దాని వెనుక ఉన్న కథ కూడా చెప్పాను. 1985 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో, హత్యకు గురైన గే నాయకుడు హార్వే మిల్క్ స్మారక ఊరేగింపులో, ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర్లను అట్టల మీద రాయమని ఉద్యమకారుడు క్లీవ్ జోన్స్ అడిగారు. ఆ అట్టలను ప్రభుత్వ భవనం గోడకు అతికించినప్పుడు ఆయన కంటికి అవి అతుకుల బొంతలా కనిపించాయి. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ మైదానంలో, అలాంటి బొంత కోసం కుట్టిన 1,920 గుడ్డ పలకలు పరిచారు. ఒక్కో పలక దాదాపు ఒక సమాధి అంత. అంత్యక్రియలకు కూడా నోచుకోని వాళ్లెందరి పేర్లో ఆ గుడ్డల మీదికి చేరాయి.

ఇది విని ఒక కుర్రాడు లేచి, మేం కత్తిరించిన గుడ్డ మీద వెల్లకిలా పడుకున్నాడు. "వాడు నా భుజం దాకా వచ్చేవాడు. చోటు మిగులుతుంది" అన్నాడు. ఆ మిగిలిన చోటునే అంచుగా మలిచాం.

పేరును గొలుసు కుట్టుతో కుట్టాం. తొమ్మిది చేతులు కదా, ఒక అక్షరం బిగుతుగా, ఇంకోటి వదులుగా వచ్చింది. రెండో అక్షరం విప్పి మళ్లీ కుడదామని నా చేయి అటు వెళ్లింది. కుట్టినావిడ నా వైపు చూశారు. చేయి వెనక్కి తీసుకున్నాను. ఆ వంకర అలాగే ఉంది, ఉండాలి కూడా.

చివరి వారం ఎవరో ఆయన చొక్కా తెచ్చారు. నీలం గళ్లది. జేబు కింద సిరా మరక. ఉతకవద్దన్నారు. జేబును కత్తిరించి గుండె ఉండేచోట కుట్టాం, మూడు వైపులే. పై అంచు తెరిచి ఉంచాం.

ప్రదర్శనకు పెట్టాక పక్కన ఒక చీటీ అతికించారు. పెద్ద అక్షరాల్లో నా పేరు, దాని కింద "సముదాయ సహకారంతో" అని. ఆ "సహకారం" అన్న మాటకు నాకు ఒళ్లు మండింది. జనేలే ముహోలి 2006 నుంచి దక్షిణాఫ్రికాలోని నల్లజాతి లెస్బియన్లనూ ట్రాన్స్ వ్యక్తులనూ ఫొటోలు తీస్తూ, వాళ్లను పార్టిసిపెంట్లు, అంటే పనిలో పాలుపంచుకున్నవాళ్లు అనే పిలుస్తారు. మా పలక విషయంలోనైతే వాళ్లను భాగస్వాములన్నా తక్కువే. గీత ఎక్కడ ఉండాలో తేల్చింది వాళ్లు. చీటీ మార్చేదాకా నేను అక్కడి నుంచి కదలలేదు.

కొత్త చీటీకి ముందు ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. ఆరుగురు పేరు వేయమన్నారు. ముగ్గురు వద్దన్నారు. ఒకరికి ఉద్యోగం పోతుందని భయం, ఇద్దరికి ఇంట్లోవాళ్లు వెతుక్కుంటూ వస్తారని. వాళ్ల పేర్ల చోట మూడు చిన్న కుట్లు గీశాం. ఆయన పేరు కూడా ఇక్కడ రాయడం లేదు. దాన్ని పలక మీదే ఉంచాలని వాళ్లు అనుకున్నారు.

నిన్న పలక మడతపెట్టి అప్పగిస్తుంటే జేబులో ఏదో గరుకుగా తగిలింది. చూసినవాళ్లెవరో మడిచి పెట్టిన కాగితం. విప్పకుండా ఆ అక్క చేతికిచ్చాను. ఆవిడ కూడా విప్పలేదు, మళ్లీ జేబులోనే పెట్టేశారు.