పాత గిటార్ తీగలకు వేన్నీళ్ల స్నానం

హనుమకొండలో వానలు మొదలైతే నా గిటార్ గొంతు మొద్దుబారుతుంది. గాలిలో తేమకు వేళ్ల చెమట తోడై తీగలను తినేస్తుంది. కొత్త సెట్ కొనే ముందు ఈసారి పాతవాటినే శుభ్రం చేసి చూశాను.

సన్నని మొదటి రెండు తీగల జోలికి పోలేదు. అవి ఒట్టి ఉక్కు తీగలు, మురికి దాగే సందే ఉండదు. తుప్పు పట్టాయంటే మార్చాల్సిందే. మిగతా నాలుగూ వేరు. లోపల ఉక్కు, దాని చుట్టూ దగ్గర దగ్గరగా చుట్టిన కంచు తీగ. ఆ చుట్ల మధ్య జిడ్డు, దుమ్ము పేరుకుని మోతను మింగేస్తాయి.

అమ్మ వంటకు వాడని సత్తు గిన్నె ఒకటి ఇచ్చింది. నాలుగింటినీ వదులుగా చుట్టి 10 నిమిషాలు మరిగించాను. నీళ్లు పలుచని టీ రంగుకు తిరిగాయి. తీసి, నాన్న పాత పంచె ముక్కతో గట్టిగా తుడిచి ఫ్యాన్ కింద ఆరబెట్టాను. లోపల తడి మిగిలితే ఉక్కు తుప్పు పడుతుంది, ఇక్కడ మాత్రం తొందర పడకూడదు.

తిరిగి బిగిస్తుంటే నాలుగో తీగ, దాన్ని చుట్టి బిగించే కీ దగ్గర, పాత వంపులోనే, పుటుక్కున తెగింది. చాలా బాధేసింది. ఒకసారి వంగిన చోటే మళ్లీ వంచితే లోహం తట్టుకోదు. మిగతా మూడూ నిలిచాయి. ఆరో తీగ మీటితే ఆ గణగణ మళ్లీ వినిపించింది. ఇది ఎక్కువ రోజులు ఉండదు; ప్రోగ్రామ్ ఉంటే కొత్తవే వేస్తాను. ఇంట్లో సాధనకు ఇవి చాలు.

పంచె ముక్క ఇప్పుడు గిటార్ సంచిలోనే ఉంటుంది. వాయించగానే ఒక్కో తీగనూ తుడుస్తున్నాను.