శీతల గదిలో పుట్టిన పాటలు

నిన్న రాత్రి మళ్ళీ 'డిసీట్' విన్నాను. లండన్ బృందం దిస్ హీట్ 1981లో విడుదల చేసిన ఆల్బమ్ ఇది. పదేళ్ళ క్రితం మొదటిసారి విన్నప్పుడు సగంలోనే ఆపేశాను. రికార్డింగ్ పాడైందేమో అనిపించింది.

ఈసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని దీపం ఆర్పి కూర్చున్నాను. మొదటి పాట 'స్లీప్' జోలపాటలా మెల్లగా సాగుతుంది. అయితే అది నిద్రపుచ్చేది మన వివేకాన్ని. అణుయుద్ధ భయం ఐరోపాను కమ్ముకున్న రోజులవి. ఆ భయాన్ని వీళ్ళు అరుపులతో చెప్పలేదు. తెగిపోయే టేపులతో, తడబడుతున్నట్లు వినిపిస్తూనే లెక్క తప్పని చార్లెస్ హేవర్డ్ డ్రమ్స్‌తో చెప్పారు. 'ఇండిపెండెన్స్'లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మాటలనే పాడారు. ఎంతో గంభీరమైన ఆ వాక్యాలు ఆ వింత బాణీలో అనాథల్లా వినిపించాయి. అక్కడ ఆపి మళ్ళీ మొదటి నుంచి విన్నాను.

లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో ఒకప్పుడు మాంసం నిల్వ చేసిన శీతల గదే వీళ్ళ స్టూడియో. పేరు కూడా కోల్డ్ స్టోరేజే. ఆ గోడల చలి ఇప్పటికీ ఈ శబ్దంలో ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

బృందంలోని గారెత్ విలియమ్స్ ఆ తర్వాత కథాకళి నేర్చుకోవడానికి కేరళ వెళ్ళాడు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ లయలను వేరే చెవితో వింటున్నాను. ఆయన 2001లో కన్నుమూశాడు.

చివరి పాట 'హి బాకు ష్యో' ముగిశాక చాలాసేపు హెడ్‌ఫోన్లు తీయలేదు. వీలైతే రాత్రిపూట, ఒంటరిగా, ఒక్క బిగిన వినండి.