సుత్తి, రంపం, సోది

ఇవాళ పొద్దున ఆఫీసులో రోజువారీ స్టాండప్ మీటింగ్‌లో పదిహేను నిమిషాలు నేనే మాట్లాడాను. మీటింగ్ మొత్తమే పదిహేను నిమిషాలు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బగ్ (అదే, లోపం) గురించి చెబుతూ చెబుతూ 1947కి వెళ్లిపోయాను. హార్వర్డ్‌లో మార్క్ 2 కంప్యూటర్ రిలే స్విచ్‌లో రెక్కల పురుగు ఇరుక్కోవడం, దాన్ని తీసి లాగ్‌బుక్‌లో టేపుతో అంటించడం. అక్కడ ఆగినా బాగుండేది. బగ్ అన్న మాట ఆ పురుగుతో పుట్టింది కాదనీ, 1878లోనే ఎడిసన్ ఒక ఉత్తరంలో వాడాడనీ అందుకున్నాను.

పక్క సీటు తమిళబ్బాయి మోచేతి మీద రెండో చెయ్యి అడ్డంగా పెట్టి కోస్తున్నట్టు ఆడించాడు. "రంబం!" అన్నాడు. అంటే రంపమే. చెన్నై తొరైపాక్కంలో టీ కొట్టు దగ్గర, విసిగించే మాటలకి వాళ్లు వాడే మిగతా పేర్లూ చెప్పాడు. అరువై అంటే కోత. ఇంకోటి బ్లేడు. పదును లేకపోతే మొక్కై. నాలాంటి చదువుల పురుగు పడిప్స్‌ట.

మనది సుత్తి. 1982లో జంధ్యాల 'నాలుగు స్తంభాలాట' వచ్చాక వీరభద్రరావు, వేలు ఇద్దరికీ అదే ఇంటిపేరైపోయింది. తమిళులు కోస్తారు, మనం మోదుతాం. నన్నడిగితే సుత్తే నయం, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి తీసుకోవచ్చు. ఇంగ్లీషువాళ్ల జార్గన్ మరీ మెత్తన, పాత ఫ్రెంచిలో అది పిట్టల కిచకిచ.

చెన్నై వచ్చిన కొత్తల్లో మేనేజర్ "సొల్లు, సొల్లు" అంటుంటే నాది సొల్లు అంటున్నాడనుకుని నోరు మూసుకునేవాణ్ణి. పాపం, చెప్పమంటున్నాడు.

రాత్రి గంటసేపు క్లయింట్ కాల్. కేషు, క్యూ, రిట్రై. ఫోన్ పెట్టగానే నెల్లూరు నుంచి వచ్చున్న అమ్మ, "ఏంది నాయనా, సోది చెప్పేదాని మాదిరి!" అంది. మాకు సోదంటే ఉత్త వాగుడే. అమ్మకి మాత్రం చంకన బుట్టతో వచ్చే ఎరుకలామె, అరచేతిని కర్రతో తాకుతూ ఆమె తీసే రాగం.

"ఆయమ్మ చెప్పేది గూడా సగం అర్థమయ్యేది గాదు. అయినా చాటలో బియ్యం తెచ్చి పోసేవాళ్లం. నీకేమిచ్చారు?"

రేపు పొద్దున ఏడింటికి ఇంకో కాల్ ఇచ్చారు.