మూడు మీటర్ల లెక్క

వీధి ఫొటోలకు నేను ఆటోఫోకస్ (కెమెరాయే ఫోకస్ కుదుర్చుకోవడం) వాడటం మానేశాను. ఎంత మంచి కెమెరా అయినా ఒక్కోసారి మనం చూస్తున్న మనిషిని వదిలేసి, అడ్డొచ్చిన గొడుగును పట్టుకుంటుంది. అది తేరుకునేసరికి అవతల నవ్వు అయిపోతుంది.

ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు (పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్నది) 35 ఎం.ఎం. లెన్స్ తగిలించి, ఎపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 8లో ఉంచి, ఫోకస్ 3 మీటర్లకు తిప్పి వదిలేస్తాను. సుమారు 1.9 మీటర్ల నుంచి 7.3 మీటర్ల దాకా ఉన్నదంతా పదునుగానే కనిపిస్తుంది. రంధ్రాన్ని ఇంకా పెద్దగా ఎఫ్ 4కి తెరిచామా, ఆ జాగా 2.3 నుంచి 4.2 మీటర్లకు కుంచించుకుపోతుంది. అందుకే పొద్దు వాలాక ఎపర్చర్ జోలికి పోకుండా ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచుతాను. కాస్త గింజలు గింజలుగా వచ్చినా ఫర్వాలేదు, ముఖం మసకబారితే మాత్రం ఆ ఫొటో పనికిరాదు.

మూడు మీటర్లంటే నాకు నాలుగు పెద్ద అడుగులు. ఒక స్తంభాన్ని చూసి దూరం అంచనా వేయడం, తర్వాత నడిచి లెక్కపెట్టడం: ఇదే సాధన. ఇందులో ఓ చిక్కుంది. మోటారుతో ఫోకస్ తిరిగే కొన్ని లెన్సులు, కెమెరా నిద్రలోకి జారి మళ్లీ లేచేసరికి పెట్టిన దూరాన్ని మరిచిపోతాయి. మెనూలో ఆ దూరాన్ని గుర్తుంచుకునే సెట్టింగు ఉందేమో ముందే చూసుకోవాలి. దూరం గుర్తులు చెక్కిన పాతకాలపు లెన్సుతో ఈ బెడద లేదు, కానీ సంచిలో రాసుకుని రింగు కదులుతుంది. చిన్న టేపు ముక్క అంటిస్తే చాలు.

ఎదురుగా నడిచొచ్చే మనిషికి షట్టర్ వేగం 1/250 సెకను సరిపోతుంది. అడ్డంగా దాటేవాళ్లకు 1/500, సైకిలు అయితే 1/1000. కెమెరాయే ఎంచుకునే ఆటో ఐఎస్ఓకు పైహద్దు 6400 పెట్టుకుంటాను. రాత్రి ఎల్‌ఈడీ బోర్డుల కింద ఫొటోలో చారలు పడితే చాలామంది సెన్సర్‌ను అనుమానిస్తారు. అసలు కారణం ఆ దీపాలు కంటికి అందనంత వేగంగా వెలిగి ఆరుతుండటం. ఎలక్ట్రానిక్ షట్టర్ (తెర కదలకుండా సెన్సర్‌తోనే తీసేది) మాని, తెర కదిలే మెకానికల్‌కు మారి, వేగం తగ్గిస్తే చాలావరకు పోతాయి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట 1/100, 60 ఉన్నచోట 1/120 పెట్టి చూడండి. అంత నెమ్మదిలో నడిచేవాళ్లు చెదురుతారు కనుక నిలబడ్డవాళ్లనే చూసుకోవాలి.

మ్యూజియంలో లెక్క వేరు. ఫ్లాష్ ఎలాగూ వద్దు. అద్దం వెనకున్న బొమ్మలో ముందుగా కనబడేది నా చొక్కాయే కాబట్టి ముదురు రంగు వేసుకుంటాను. ప్రతిబింబం పడకుండా లెన్సు ముందుండే రబ్బరు హుడ్‌ను అద్దానికి ఆనించడానికి అన్నిచోట్లా ఒప్పుకోరు, అడగాలి. పోలరైజర్ (ప్రతిబింబాలను తగ్గించే ఫిల్టర్) ఉంటే ప్రతిబింబమంతా పోతుందనుకోవడం భ్రమ. అద్దానికి సూటిగా ఎదురుగా నిలబడితే అది చేసేదేమీ లేదు, పైగా ఒకటిన్నర రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) వెలుగు మింగేస్తుంది. పక్కకు జరిగి ఏటవాలుగా చూసినప్పుడే పనిచేస్తుంది. అప్పుడు చట్రం వంకరగా వస్తుంది. నిజానికి బొమ్మకంటే దాని ముందు నిలబడ్డవాళ్లే నాకిష్టం. తల ఒరగేసి చూస్తూ, చేతిలో మడత విప్పని కాగితం పట్టుకున్నవాళ్లు కాసేపు కదలరు. 1/125 సరిపోతుంది.

ఫొటోలు ఏరేటప్పుడు పోయినవాటినే ముందు చూస్తాను. ముఖం మసకగా ఉండి వెనక గోడ పదునుగా ఉంటే నేను మరీ దగ్గరికి వెళ్లానన్నమాట. ఫ్రేమంతా ఒకే దిక్కుకు సాగితే నా చెయ్యి కదిలింది. గోడ నిలిచి మనిషొక్కడే సాగితే షట్టర్ చాల్లేదు.