అత్తమ్మ చీరతో బొంత

"గట్టిగ గుంజకు బిడ్డా, గుడ్డ ముడుచుకపోతది" అంటూ అత్తమ్మ నా చేతిలోంచి సూది తీసుకుని నాలుగు కుట్లు వేసి చూపించింది. హాల్లో చాప మీద పాత నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి, మూలలు కదలకుండా పప్పు డబ్బాలు పెట్టాం.

ముందు నడుమ నుంచి అంచుల దాకా పెద్ద పెద్ద కుట్లు వేయాలి. అప్పుడే లోపలి పొరల ముడతలు బయటికి జరిగిపోతాయి. ఆ తర్వాతే అసలు కుట్టు. కొత్త బట్టలో గంజి ఉంటుంది, సూది ఓ పట్టాన దిగదు. ఏళ్ల తరబడి ఉతికిన నూలులోకి మాత్రం వెన్నలోకి దిగినట్టు దిగుతోంది! సింథటిక్ చీరలను అత్తమ్మ అసలు ముట్టనివ్వలేదు. జారిపోతాయి, చెమట పీల్చవు.

పైపొర ఆమె ఆకుపచ్చ చీర. దాని మీద ఎర్ర దారం వరుసలు ఒక్కొక్కటే పడుతుంటే టైమే తెలియలేదు. ఫోన్ ఎక్కడుందో కూడా చూసుకోలేదు.

మన వరంగల్ కొత్తవాడలో నేసే శత్రంజీలకు, అంటే జంపఖానాలకు, 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఎంత సంతోషమో. ఇళ్లల్లో ఆడవాళ్లు కుట్టే బొంతలను మాత్రం ఎవరూ కళ అనరు. నాకైతే ఇదీ కళే. చలికాలంలో మా పిల్లలు కొట్లాడుకునేది వీటి కోసమే.

పాత నూలు చీరలుంటే స్టీలు సామాన్లవాళ్లకు ఇచ్చేయకండి, దాచుకోండి.

రేపు చుట్టూ పట్టీ వేయాలి. అత్తమ్మ పసుపు రంగు అంటోంది, నాకు మెరూన్ మీద ఉంది మనసు. మీరేమంటారు?