మా పాప ఇసుక తాత

బెర్లిన్‌లోని మా ఇంట్లో సాయంత్రం 6.50 అయ్యేసరికి పాప స్నానం, అన్నం, పళ్లు తోముకోవడం అన్నీ పూర్తయి ఉండాలి. ఈ నియమం పెట్టింది నాలుగేళ్ల మా పాపే. ఆ వేళకు పిల్లల టీవీ చానల్ కికాలో ‘జాండ్‌మెన్షెన్’ అనే బొమ్మల కార్యక్రమం వస్తుంది. జర్మన్‌లో ఆ మాటకు చిన్న ఇసుక మనిషి అని అర్థం. ఆ బొమ్మకున్న తెల్లని పిల్లిగడ్డం చూసి పాప ‘ఇసుక తాత’ అని పిలవడం మొదలుపెట్టింది, ఇప్పుడు ఇంటిల్లిపాదికీ అదే పేరు.

కోసు టోపీ పెట్టుకున్న ఆ తాత ఒక రోజు రైల్లో, ఒక రోజు బెలూన్‌లో, మరొక రోజు ఒంటె మీద వచ్చి, పిల్లలకు ఒక చిన్న కథ చూపించి, వెళ్లేముందు గుప్పెడు ఇసుక తీసి చల్లుతాడు. తెర మీది పిల్లలు కళ్లు నులుముకుంటారు, సోఫాలో మా పాప కూడా రెండు పిడికిళ్లతో నులుముకుంటుంది. పొద్దున లేవగానే కంట్లో కనిపించే పుసులు రాత్రి అతను చల్లిన ఇసుకేనని ఐరోపా జానపదుల ఊహ. మా అమ్మ ఇక్కడికి వచ్చిన కొత్తలో అది చూసి, “పసిపిల్లల కళ్లలో ఇసుక కొట్టడమేమిటే!” అని నొచ్చుకుంది. కళ్లలో దుమ్ము కొట్టడమంటే మనకు మోసమే కదా. వారం తిరక్కుండానే ఆవిడే పాప మొహం కడుగుతూ, “మీ తాత చల్లిన ఇసుక ఇంకా పోలేదమ్మా” అనడం విన్నాను.

ఇంత మెత్తని కార్యక్రమం పుట్టింది ప్రచ్ఛన్నయుద్ధపు పోటీలో. పశ్చిమ బెర్లిన్‌లో ఇలాంటిది తయారవుతోందని తెలిసి, తూర్పు జర్మనీ టెలివిజన్ వారు గెర్హార్డ్ బేరెంట్ చేత హడావిడిగా బొమ్మను చేయించి, 1959 నవంబర్ 22న ప్రసారం మొదలుపెట్టారు, పశ్చిమం వారి ఇసుక మనిషి డిసెంబర్ 1న గానీ రాలేదు. తొలి రోజుల్లో ఇసుక చల్లాక తాత తానే వీధి మూలన పడి నిద్రపోయేవాడట. అది చూసి తట్టుకోలేని పిల్లలు తమ మంచం ఇస్తామంటూ ఉత్తరాలు రాయడంతో ఆ ముగింపునే మార్చేశారు. ఈ ఉదంతం తలుచుకున్నప్పుడల్లా నా మనసు కరుగుతుంది. 1978లో అంతరిక్షానికి వెళ్లిన తొలి జర్మన్ జిగ్మండ్ యేన్ ఈ బొమ్మను వెంట తీసుకువెళ్లాడు. జర్మనీ ఏకమయ్యాక తూర్పు టెలివిజన్ మూతపడినా, ఆ కార్యక్రమాన్ని ఆపవద్దని జనం పట్టుబట్టడం వల్ల ఇసుక తాత మిగిలాడు.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది అది అయిపోవడమే. మొత్తం పది నిమిషాల లోపే. ఫోన్‌లో ఒక బొమ్మల వీడియో ముగియగానే మరొకటి దానంతటదే మొదలవుతుంది గనుక, ఆపమని చెప్పే చెడ్డపని తల్లి మీద పడుతుంది, ఏడుపుతో ఆ రోజు ముగుస్తుంది. ఇక్కడ ఆ మాట తాతే చెప్పి వెళ్లిపోతాడు, అదీ రోజూ ఒకే పాటతో, ఒకే చేతి విసురుతో. బొమ్మను వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ, ఒక్కొక్క ఫొటోగా తీసి చేసే ఆ కదలికలో తొందరే ఉండదు, చూసే పిల్లల ఊపిరి కూడా నెమ్మదిస్తుంది.

పోయిన వేసవిలో హైదరాబాద్ వెళ్లినప్పుడు చిక్కొచ్చిపడింది. జర్మనీలో 6.50 అయ్యేసరికి అక్కడ రాత్రి 10.20. అంతవరకు మేలుకోనివ్వలేము, తాత రానిదే పాప పడుకోదు. మూడో రాత్రి మా అమ్మ దీపం తగ్గించి, డాబా మీద పిట్టగోడ ఎక్కిన పిల్లి కథ ఒకటి అప్పటికప్పుడు అల్లి చెప్పి, చివరికి ఖాళీ పిడికిలి చాచి పాప మొహం మీద మెల్లగా విప్పింది. పాప ఆ చేతి వంక ఒక్క క్షణం చూసి, కళ్లు నులుముకుంది.